చౌపాటిలో నీళ్లు తిరిగే వేళ

కామాటిపుర పదో గల్లీలో, వరసగా గదులున్న మా చాళ్లో గంగారాం తాపీ మేస్త్రీ. మేడలు కట్టినవాడు కాదు, ముప్పై ఏళ్లుగా సముద్రపు గోడకు రాళ్లు పేర్చినవాడు. ఆ పనికి గడియారం చెల్లదు. నీళ్లు తగ్గిన నాలుగైదు గంటల్లోనే రాయి కూర్చోబెట్టాలి. అందుకే తిథి చెబితే చాలు, సముద్రం ఏ వేళకు ఎక్కడుంటుందో చెప్పేవాడు.

"నీళ్లు కదలకుంటె బొంబిల్ లేదు, కోలీల పొయ్యి ఎలగదు," అనేవాడు. నిజమే. అక్కడి కోలీ జాలరులు చేపల వెంట పడరు. పారే నీటికి ఎదురుగా గుంజలకు వల కట్టి ఊరుకుంటారు; సన్న రొయ్యలనూ, వాటి వెంట బొంబిల్ చేపలనూ ప్రవాహమే తెచ్చి వలలో పోస్తుంది. వానాకాలపు గాలికి పడమటి సముద్రంలో అడుగునీళ్లు పైకి లేస్తాయనీ, ఆ సారంతో కంటికానని నాచు పెరుగుతుందనీ, చేపలన్నిటికీ మొదటి మెతుకు అదేననీ ఎక్కడో చదివి అతనికి చెప్పాను. "అందుకేనా, వానలు పోంగనె నీళ్లు చిక్కగయితయి," అన్నాడంతే.

చాళ్లో అందరికీ కలిపి ఒకటే బతుకమ్మ. పేర్చేది అతని భార్య రాజవ్వ. ఎనభై మూడులో సద్దుల బతుకమ్మనాడు, ఊళ్లో చెరువులో విడిచినట్టే సముద్రంలో విడిచింది. అది అల మీద తిరిగొచ్చి ఆమె కాళ్లకే తగిలింది. మరుసటేడూ అంతే.

"గౌరమ్మకు నీ చెయ్యి నచ్చలే," అంది పక్క ఖోలీలో ఉండే లక్ష్మవ్వ.

మూడో ఏడు దాదర్ నుంచి బంతిపూలు తెచ్చి రాజవ్వ భర్తతో అంది: "ఈసారి గూడ తిరిగొస్తె ఇగ జన్మల పేర్వ."

ఆ సాయంత్రం గంగారాం కూడా, పిలవకున్నా, చౌపాటి ఇసుక ఒడ్డుకు బయల్దేరాడు. ఆరింటికి ఆడవాళ్లు పాటలు ముగించి నీళ్లలో దిగబోతుంటే అడ్డం నిలబడ్డాడు.

"ఆగుండ్రి. నీళ్లింక ఒడ్డుకే వస్తున్నయి."

"ఏం మేస్త్రీ, గౌరమ్మకు సుత నీ డ్యూటీ టైమేనా?" అంది లక్ష్మవ్వ. అందరూ నవ్వారు.

"అమ్మకు గాదు వదినె, నీళ్లకు. అష్టమి సందమామ నెత్తిమీదున్నడు సూడు. జర పడమటికి వాలనియ్యి."

కూర్చున్నారు. తెచ్చిన సద్దులన్నీ తినడం అయిపోయింది. ఏడున్నరకు అల ముందు తడి ఇసుక బయటపడసాగింది. "ఇగ ఇడువు," అన్నాడు.

బతుకమ్మ కాసేపు అక్కడే ఊగింది. తర్వాత అది మెల్లగా, ఎవరో పిలిచినట్టు లోపలికి సాగింది. లక్ష్మవ్వ చేతులు జోడించింది.

"గింత ఎరుకుండి రెండేండ్లు నన్నెందుకేడిపిచ్చినవ్?" రాజవ్వ భర్త మీద విరుచుకుపడింది.

"ఆడోళ్ల పండుగ, నువ్వు రావద్దంటివి గదా."

"వచ్చేడు సంది రా," అంటూ ఖాళీ తాంబాళం అతని చేతిలో పెట్టి, కొంగు పిండుకుంటూ బస్సు వైపు నడిచింది.