గోడమీద ఫోటో, గుమ్మంలో మావయ్య

ఆ రోజుల్లో నా కోపానికి కారణం అక్కర్లేదు, పెన్సిలు ముక్కు విరిగినా చాలు. ఇప్పుడు చెప్పబోయే కోపానికి మాత్రం కారణముంది, అది ఇంకా చల్లారలేదు. చింతాద్రిపేటలో ఎనిమిదో తరగతితో బడికి దణ్ణం పెట్టేసి (బడి కూడా నాకు ఎదురు దణ్ణం పెట్టింది), గుండ్రటి దస్తూరీ పుణ్యమా అని కోడంబాక్కం స్టూడియోలో సినిమా స్క్రిప్టుకు ఫెయిర్ కాపీ రాసే పనిలో చేరాను. మా డైరెక్టరుకూ రచయితకూ మాటల్లేవు. అందుకని ఒకే స్క్రిప్టుకు రెండు కాపీలు: ఒకటి డైరెక్టరు సెట్లో దిద్దేవాడు, రెండోది రచయిత ఇంట్లో దిద్దేవాడు. రెండూ కలిపి ఒకటి చేయడం నా ఖర్మ.

ఒకసారి "ఈడ డైలాగు అతకలేదు సార్" అన్నందుకు డైరెక్టరు, "నీ ఎనిమిదో క్లాసు బుర్ర ఇంట్లో పెట్టి రా. దిద్దింది దిద్దినట్టు దించు. మళ్ళీ నోరు తెరిస్తే పనుండదు" అన్నాడు. ఒళ్ళు మండింది. ఇద్దరి దిద్దుబాట్లూ పొల్లు పోకుండా దించాను. ఒకే పేజీలో ఇద్దరూ చెయ్యి పెట్టి ఉంటే అడక్క తప్పేది కాదు, అట్లాంటిది ఒక్కటీ లేదు. పన్నెండో సీనులో రచయిత హీరో మావయ్యను చంపేశాడు. ఆ సంగతి తెలియని డైరెక్టరు ఇరవయ్యో సీనులో అదే మావయ్యకు పేజీన్నర మాటలు కలిపాడు. చూశాను. చూసి, కసికొద్దీ ఇంకా గుండ్రంగా రాశాను.

నా కాపీ ప్రకారం సెట్టువాళ్ళు గోడకు మావయ్య ఫోటో తగిలించి దండేశారు. నా కాపీ ప్రకారమే మావయ్య వేషగాడు గుమ్మంలోంచి వచ్చి, "అల్లుడూ, భోంచేశావా?" అన్నాడు. తల తిప్పి ఫోటో చూసుకుని, "ఏంబా, నేను పోయి ఎన్నాళ్ళయింది?" అని నన్నడిగాడు.

రచయితకు కబురెళ్ళింది. అన్నాళ్ళుగా ఎడమొహం పెడమొహంగా ఉన్న ఇద్దరూ పక్కపక్కన నిలబడి, ఒక్క గొంతుతో, "బుర్ర లేదురా నీకు?" అన్నారు.

"ఇంట్లో పెట్టి రమ్మన్నారు గదా సార్. ఆడే ఉంది."

పని ఊడింది. స్టూడియో గేటెదురు బస్టాపులో కూర్చుని ఇద్దర్నీ తిట్టుకున్నాను. మా పేట బస్సులు మూడు వచ్చాయి, మూడూ వదిలేశాను (జనం ఎక్కువున్నారని నాకు నేనే చెప్పుకున్నాను). చివరికి చచ్చిపోయిన మావయ్యే వచ్చాడు.

"దా పా. ఇద్దరూ ఒకే కాపీ ముందర కూర్చోనుండారు, రాసేదానికి చెయ్యి కావాలంట. ఈసారి బుర్ర కూడా తెమ్మన్నారు."

ఇప్పుడూ నాకు కోపమొస్తే విసురుగా ఇంట్లోంచి వెళ్ళిపోతాను. మా ఆవిడ పిలిస్తే వినబడేంత దూరం దాకా.