చేతికి టేపు చుట్ట

ఈ మధ్య వీరలక్ష్మి కుడిచేతికి గాజులతోపాటు ప్యాకింగ్ టేపు చుట్ట కూడా వేలాడుతూనే ఉంటోంది. బహ్రెయిన్‌లోని మనామాలో ఆమె పనిచేసే ఇంటి సారు అమెరికా ప్రభుత్వోద్యోగి. అమెరికా అధ్యక్షుడు ఆ ఉద్యోగం తీసేశాడు. ఇక తమ దేశానికి వెళ్ళిపోవాలని మేడమ్ ఏడుస్తూ సామానంతా అట్టపెట్టెల్లో సర్దించింది. తీసెయ్యడం కుదరదంది కోర్టు. మేడమ్ నవ్వుతూ అన్నీ బయటికి తీయించింది. ప్రభుత్వం పైకోర్టుకెళ్ళింది, మళ్ళీ సర్దుడు. టేపు పీకి పీకి వీరలక్ష్మి గోళ్ళు అరిగిపోయాయి.

ఇవాళ పొద్దున మేడమ్ వంటింట్లోకి పరుగున వచ్చి, పైకోర్టులోనూ గెలిచామంటూ ఆమెను కావలించుకుని వెళ్ళింది. బయట కారు తుడుస్తున్న డ్రైవరు సోమరాజు కిటికీలోంచి తొంగిచూశాడు.

"ఏమ్మా, మళ్ళీ విప్పడమేనా?"

"నా వల్ల కాదన్నయ్యా! ఆ పెద్దాయనా, ఆ జడ్జీలూ తేల్చుకునేలోపు నా నడుం పడిపోయేలాగుంది. ఇంతకుముందు పనిచేసిన ఇంట్లో పొద్దున్నే నాకు 'ఖలాస్, ఇక పన్లేదు' అన్నారు. సాయంత్రానికి బ్యాగుతో రోడ్డు మీదున్నాను. నాకు ఏ కోర్టు అడ్డమొచ్చింది?"

విసురుగా ఒక పెట్టె చించి, రెండు ప్లేట్లు, రెండు గ్లాసులు, ఒక మూకుడు బయటపెట్టింది. మిగతావాటి జోలికి పోకుండా మూత మళ్ళీ అంటించేసింది.

"అదేంటమ్మా, గెలిచారుగా?"

"గెలిచారు. దానికీ పైన ఇంకో కోర్టుందంటగా," అంటూ టేపు చుట్టను మోచేతిదాకా ఎగదోసుకుని గిన్నెలు తోముకోవడానికి కూర్చుంది.