మేక కంట్లో పూస

మొయినాబాద్ చుట్టూ పొలాలు ప్లాట్లవుతున్న రోజులవి. పొద్దున జొన్నచేను చూసిన చోట సాయంత్రానికి సాఫ్ట్‌వేర్ వాళ్ల ఫామ్‌హౌస్ గేటు మొలిచేది. ఊరంతా కంప్యూటర్ నేర్చుకుంటుంటే, నలభై ఆరేళ్ల జ్వరాల డాక్టర్ని, నేను కంప్యూటర్లో కన్ను నేర్చుకుందామనుకున్నాను. డాక్టర్లకు ఆన్‌లైన్‌లో నేత్రవైద్యం పీజీ శిక్షణ. మా నెట్ దయవల్ల ప్రొఫెసర్ గారు తెర మీద నోరు తెరిచి ఆగిపోయేవారు. నేను ఒక టీ తాగి, ముగ్గురికి సూదులు వేసి వచ్చేసరికి ఆ నోరు మూతపడేది.

ఆన్‌లైన్ చదువుతో మనిషి కంటి మీద కత్తి పెట్టనివ్వరు, పెట్టకూడదు కూడా. అందుకని మేక కన్ను తెచ్చి, కోసి, కుట్లేసి, ఫొటో పంపమన్నారు.

చేవెళ్ల రోడ్డు మీద మటన్ దుకాణం ఉంది. మా వైపు తలకాయను మంట మీద కాల్చి ఇస్తారు. కాలిన కన్ను కూరకు పనికొస్తుంది గాని చదువుకు పనికిరాదు. కాల్చక ముందే కళ్లు తీసి నాకిచ్చేలా దుకాణమాయనతో మాట్లాడుకున్నాను. మూడో ఆదివారం పొట్లం అందుకుంటుంటే, పక్కనున్న అవ్వ తను కొన్న తలకాయను వేళ్లతో తడిమింది.

“దీంట్ల కండ్లేవిరా?”

“డాక్టర్ సాబ్ తీస్కపోతున్నడవ్వా. సదువుకుంటడట,” అన్నాడు దుకాణమాయన.

“మేక కండ్లతోనా? ఆయనకు లేవా?”

ఆమె నా వైపు తిరిగింది. అంటే, నా పక్కనున్న కరెంటు స్తంభం వైపు తిరిగి దాన్ని కడిగేసింది. “జర సిగ్గుండాలె సార్. సూపొస్తదని ఎన్నో వారాల సంది కండ్లే తింటున్న. నువ్వు నడుమ తన్నుకపోతున్నవ్.”

దగ్గరికెళ్లి చూశాను. రెండు కనుపాపల్లోనూ సున్నం కొట్టినట్టు ముదిరిన శుక్లాలు. ఇంకా ఆలస్యమైతే కంట్లో ఒత్తిడి పెరిగి ఉన్న వెలుతురు కూడా పోతుంది. ఆపరేషన్ మాటెత్తగానే, “కన్ను ఎవ్వలన్న కోయిపిచ్చుకుంటరా?” అంది.

నాకు వేరే సందేహం పుట్టింది. “కూరల కన్ను కొరికితే లోపల ఏముంటది అవ్వా?”

“తెల్లటి పూస. గట్టిగుంటది. గదే అసలు మందు.”

నేను కోసిన ఏ కంట్లోనూ తెల్లపూస లేదే! అక్కడే పొట్లం విప్పి, ఒక కన్ను కోసి, పూసలాంటి కటకం తీసి ఆమె అరచేతిలో పెట్టాను.

“మెత్తగున్నది. జారుతున్నది,” అంది.

“నీళ్ల లెక్క కనవడుతున్నదవ్వా,” అన్నాడు దుకాణమాయన, కత్తి పక్కన పెట్టి.

పక్క హోటల్లో మరిగే నీళ్లలో దాన్ని కాసేపు ఉంచి, చల్లార్చి మళ్లీ ఇచ్చాను. అవ్వ వేళ్ల మధ్య నలిపింది. నలగలేదు.

“సున్నం లెక్కయిందవ్వా,” దుకాణమాయన గొంతు తగ్గింది.

అవ్వ దాన్ని అటూ ఇటూ దొర్లించింది. “అంటే నా కండ్లల్లయి గిట్ల ఉడికినయా?”

“అట్లనే అనుకో. కత్తి దాన్ని తియ్యనీకే.”

“ఎవ్వలు ఉడికిచ్చిన్రు మరి?”

తర్వాతి క్లాసులో అదే అడిగితే, వయసు, ఎండ, షుగరు, పొయ్యి పొగ అని ప్రొఫెసర్ గారు దండకం చదివారు. మర్నాడే వెళ్లి అవ్వకు మొత్తం అప్పజెప్పాను. ఆమె ఎండను ఎంచుకుంది.

“పుట్టినకాంచి పొలంలనే ఉన్న. ఉడకదా? తియ్యమను.”

నేనే బస్సెక్కించి పట్నంలోని కంటి దవాఖానకు తీసుకెళ్లాను. ముందు ఒక కంటికే చేశారు.

నెలన్నరకు అవ్వ నా గదిలోకి ఎవరి చేయీ పట్టుకోకుండా వచ్చింది. ఫొటో తీయబోతున్న మేక కన్ను మీదికి వంగి, కొత్త అద్దాలు సవరించుకుంది.

“గోనెసంచి కుట్టినట్టు కుట్టినవేంది సార్? గీ కొసకు ఒకటి ఊడింది సూస్కో.”

భూతద్దం పెట్టి చూశాను. ఊడింది.