మూత ఉన్న సిగిడి

వాన పడే సాయంత్రాల్లో మా ఆఫీసు గేటు పక్కన ఒకామె నీలం టార్పాలిన్ కట్టుకుని మక్కకంకులు కాలుస్తుంది. నిన్న బస్సు కోసం నిలబడ్డప్పుడు గాలి ఇటు తిరిగింది. తడిసిన టార్పాలిన్ వాసన, దాని వెనకే బొగ్గు రాజుకుంటున్న వాసన, రెండూ కలిసి ముక్కుకు తగిలాయి. ఆ రెండు వాసనలూ ఒకచోట ఉండకూడదని నాకు నేర్పిన మనిషి ఒకామె ఉండేది. తప్పనిసరై ఉండాల్సి వస్తే ఎలా ఉండాలో కూడా ఆమే నేర్పింది. బస్సు వచ్చి వెళ్లిపోయింది. నేను రిజ్వానా ఆపాను తలుచుకుంటూ అక్కడే ఉండిపోయాను.

జగిత్యాలలో మా ఇంటికి రెండిళ్ల అవతల ఆపా వాళ్ల టెంట్ హౌస్. పెళ్లిళ్లకు, దినాలకు షామియానాలు, కుర్చీలు, పెద్ద పెద్ద గిన్నెలు కిరాయికిచ్చే దుకాణం. డిగ్రీ అయిపోయి, ఇంటర్వ్యూకు పిలిస్తే అక్కడ నోరు పెగలక తిరిగొచ్చి, గదిలో పుస్తకాలు ముందేసుకుని నేను కూర్చున్న రోజులవి. మనసులో ఉన్నదంతా డైరీలోకే పోయేది. ఒకరోజు ఆపా మా అమ్మ దగ్గరికి వచ్చింది. "మీ స్వప్నను నా దుకాణానికి తోలు చెల్లె. మాట్లాడేది నేను మాట్లాడుత. రాసేది ఆమె రాస్తది" అంది. అమ్మ నిట్టూర్చింది. "అది మనుషులను చూస్తెనే ముడుచుకపోతది ఆపా" అంది. ఆపా నవ్వి, "ముడుచుకపోనియ్యి. షామియానాను గూడ మడిచే పెడుతం గదా. పనివడ్డనాడు ఇప్పుతం" అంది. గది గుమ్మం వెనక నిలబడి ఆ మాట విన్నాను. నా పిరికితనాన్ని జబ్బులా కాకుండా ఒక సామానులా చూసిన మొదటి మనిషి ఆమె.

ఆపా భర్త యూసుఫ్ భాయ్ గల్ఫ్‌లో ఒక కుటుంబానికి డ్రైవరుగా పనిచేశాడు. చలికాలం వచ్చిందంటే ఆ ఇంటివాళ్లు కారు వెనక పడకలున్న బండి ఒకటి తగిలించుకుని ఎడారిలోకి వెళ్లేవారట. ఇసుకలో బండి ఆపి, బొగ్గుల మీద మాంసం కాల్చుకుని తిని, ఆ బండిలోనే పడుకునేవారట. ఫోన్‌లో ఆ సంగతులు వినీ వినీ ఆపాకు కళ్లు మూస్తే ఎడారి కనబడేది. ఆయన తిరిగొచ్చాక మొగుడూ పెళ్లాం కలిసి ఒక పాత జీపు ట్రాలీకి వెదురు బద్దలు వంచి, మందపాటి షామియానా గుడ్డ కప్పి, లోపల రెండు మంచాలు బిగించారు. వీధిలో అందరూ దాన్ని ఇల్లుబండి అనేవారు. వెల్గటూరు దాటాక గోదావరి ఒడ్డున ఒక రాత్రి పడుకోవాలి, బొగ్గుల మీద కంకులు కాల్చుకోవాలి, అదీ వాళ్ల ముచ్చట. మంచాలు బిగించిన ఏడాదే యూసుఫ్ భాయ్ గుండెపోటుతో పోయాడు. ఆ తర్వాత ఆపా జీపు నడపడం నేర్చుకుంది. ఒక్కత్తయినా ఆ ఒడ్డుకు పోయి తీరుతానంది, నేను దుకాణంలో చేరాక నన్నూ తోడు రమ్మంది. బండి, మంచాలు, మనిషి అన్నీ సిద్ధమే. వెంట తీసుకెళ్లే పొయ్యి ఒక్కటే కుదరలేదు. ఎవరేం చూపించినా వద్దనేది. "ఆపా పొయ్యికి సంబంధాలు చూస్తున్నది" అని వీధిలో నవ్వుకునేవారు.

అవి తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. ఏ కూడలిలో చూసినా దీక్షా శిబిరం, ఏ శిబిరం మీద చూసినా ఆపా షామియానా. రోడ్ల మీద వంటా వార్పు అంటే ఆపా గిన్నెలే. సమ్మెతో బస్సులు ఆగిపోయినా మాకు జీపు ఉండేది కాబట్టి, పొయ్యి చూడడానికి ఒకనాడు కోరుట్ల వెళ్లాం. దారి పొడుగునా శిబిరాల్ని చూపిస్తూ ఆపా, "చూసినవా బిడ్డా, ఉద్యమమంతా మన నీడలనే కూసున్నది" అని మురిసిపోయింది.

కోరుట్లలో గల్ఫ్ సామాన్లు అమ్మే దుకాణం అది. యజమాని ఒక బార్బెక్యూ గ్రిల్‌ను సూట్‌కేసులా తెరిచి, కాళ్లు దించి నిలబెట్టాడు. తళతళ మెరుస్తోంది. "అసలు దుబాయ్ మాల్ ఆపా. మడిస్తే సంకల పెట్టుకపోవచ్చు."

"మూత ఉన్నదా దీనికి?"

"మూతెందుకు? కాలేటియి కండ్లకు కనబడాలె గదా."

"కాల్చినంక బూడిద ఎంతసేపటికి సల్లారుతది?"

ఆయన నా వైపు చూసి నవ్వాడు. "మీ ఆపా పొయ్యి కొంటదా, బూడిద కొంటదా బిడ్డా?"

నేను తల దించుకున్నాను. ఆపా మాత్రం వంగి, ఆ పల్చటి రేకును వేలితో కొట్టి చూసింది, ఉఫ్‌మని ఊది చూసింది. "గాలొస్తె నిప్పులన్ని లేస్తయి దీంట్ల" అంది. అప్పుడాయన గ్యాసుతో నడిచేది చూపించాడు. చిన్న సిలిండరు, మీట తిప్పితే మంట. బొగ్గు బాధే ఉండదన్నాడు. ఆపా దాన్ని చాలాసేపు చూసింది. చివరికి నాతో, "లేపు బిడ్డా" అంది. సిలిండరుతో సహా ఎత్తబోయాను. నడుం పట్టేసింది. "ఇద్దరిల ఒకరు లేకున్నా ఇంకొకరు ఎత్తి దించుకోవాలె. గిది గాదు" అని బయటికి నడిచింది. వెనక నుంచి ఆయన, "ఈ లెక్కన నీకు పొయ్యి దొరకది ఆపా" అన్నాడు. "దొరకనియ్యి. తొందరేమున్నది" అంది.

జీపులో కూర్చున్నాక నేను ధైర్యం చేసి అడిగాను. గ్యాసుదైతే తేలిక కదా ఆపా, చిన్నది వెతికితే సరిపోదా అని. "పండుకునే కాడ సిలిండరుంటె నాకు నిద్ర పట్టది. ఇంకోటి, యూసుఫ్ బొగ్గు మీద కంకి కాల్చి తినిపిస్తనన్నడు. గ్యాస్ మీద అనలే" అంది.

చివరికి ఆ పొయ్యిని సిరిసిల్లలో చేయించింది. మరమగ్గాల షెడ్ల పక్కన మల్లేశం అనే ఆయన వెల్డింగ్ దుకాణం. ఆపా నేల మీద సుద్దముక్కతో బొగ్గుల సిగిడి బొమ్మ గీసింది. పెట్టె ఆకారం, కింద బూడిద పళ్లెం, పక్కల గాలికి కన్నాలు, ఆ కన్నాలు మూసే జారుడు రేకులు, పైన బిగుతుగా కూర్చునే మూత. మల్లేశం చూసి గడ్డం గోక్కున్నాడు. "ఇది సిగిడా ఆపా, పెండ్లిపిల్ల సందుకనా?"

"సందుకనే అనుకో. నిప్పును దాచే సందుక."

"నిప్పును ఎవలన్న దాస్తరా?"

"నేను దాస్త. నువ్వు చెయ్యి."

కరెంటు కోతల రోజులవి. వెల్డింగ్ సగంలో కరెంటు పోయింది. అప్పటిదాకా చెవులు చిల్లులు పడేలా మోగిన మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఎక్కడో దూరంగా శిబిరం నుంచి మైకులో పాట వినిపించింది. మేం అక్కడే బల్ల మీద కూర్చున్నాం. కరెంటు వచ్చేదాకా ఆపా ఆ సగం పెట్టె మూతను తెరుస్తూ మూస్తూనే ఉంది. మూత పిడికి ఏం పెట్టాలని మల్లేశం అడిగితే, మూలన పడి ఉన్న పాత నాడెను ఆమే ఏరి ఇచ్చింది. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తి అరిగిన కొయ్య అది, చేతికి వేడి తగలదు. పెట్టె పూర్తయ్యాక మళ్లీ నన్నే ఎత్తమంది. ఎత్తలేకపోయాను. కాళ్లు కోయించి పొట్టివి చేయించింది, అడుగున మందం రేకు తీయించి పక్కలకు వేసిన రేకే వేయించింది. ఈసారి నేను ఒక్కదాన్నే ఎత్తి జీపులో పెట్టాను. ఆపా ముఖంలో అంత సంతోషం అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు పొద్దున దుకాణం వెనక ఖాళీ జాగాలో దాన్ని పరీక్షించింది. బొగ్గులు పేర్చింది. అగ్గిపుల్ల గీసింది. ఆరిపోయింది. ఇంకోటి గీసింది. అప్పుడు చూశాను, ఆమె చెయ్యి వణుకుతోంది. శిబిరాల్లో నాయకుల్ని నిలబెట్టి మాట్లాడే ఆపా, పొడుగాటి ఇనుప గుంజల్ని భుజాన వేసుకుని నడిచే ఆపా, అగ్గిపుల్ల పట్టుకుని వణుకుతోంది. నేను చూస్తున్నానని గమనించి నెమ్మదిగా చెప్పింది. యూసుఫ్ భాయ్ ఉన్నప్పుడు ఒక పెళ్లి నుంచి కబాబుల సిగిడి తిరిగొచ్చిందట. పైన అంతా తెల్లటి బూడిద. ఆరిపోయిందనుకుని ఆయన దాన్ని షామియానా మూటల పక్కన పెట్టాడట. లోపల ఒక్క బొగ్గు బతికే ఉంది. గోదాము మొత్తం పోయింది. "మనది గుడ్డతోటి బతుకు. గా దినం నుంచి బయట నిప్పు ముట్టియ్యలే నేను. గీ బండి గూడ గుడ్డదే. దాంట్ల బొగ్గు వెట్టుకొని పోవాలె గదా" అంది.

ఏడాదిగా ఆమె ఏం వెతుకుతోందో నాకప్పుడు అర్థమైంది. మేమంతా నవ్వుకున్న ఆ ప్రశ్నలన్నీ ఒక భయంలోంచి వచ్చినవే. "ఇంత భయమైతే మానెయ్యచ్చు కదా ఆపా" అన్నాను.

"భయం పోయేదాక కూసుంటె ఎప్పుడు పోతం బిడ్డా? అది యాడికి పోదు. దానికో మూత చూసుకోవాలె, గంతే."

మూడో పుల్లకు బొగ్గు అంటుకుంది. ఎర్రగా రాజుకున్నాక మూత వేసి, రేకులు జరిపి, పక్కన కూర్చుంది. చాలాసేపటి తర్వాత మూత మీద అరచెయ్యి ఆనించింది. తీసింది. మళ్లీ ఆనించింది. తెరిచి చూస్తే బొగ్గులన్నీ నల్లగా చచ్చి ఉన్నాయి. అయినా నమ్మక, ఒక పాత షామియానా ముక్క తెచ్చి మూత మీద పరిచి, దాని మీదే కూర్చుని చాయ్ తాగింది. గుడ్డ తీసి చూసింది. మచ్చ కూడా లేదు. "ఇగ పోదాం" అంది.

బయలుదేరిన రోజు ధర్మపురి దాటాక రోడ్డు బంద్. వంటా వార్పు జరుగుతోంది. రోడ్డుకు అడ్డంగా మా షామియానా, దాని బయట రాళ్ల పొయ్యిల మీద మా గిన్నెలు. ఒక యువకుడు ఇల్లుబండిని చుట్టి చూసి, "సమ్మెల పిక్నిక్కా ఆపా?" అన్నాడు. "మీరు రోడ్డు మీద బువ్వ వండుతలేరా, నేను ఏటి ఒడ్డుకు వండుకుంట" అంది ఆపా. అందరూ నవ్వారు. మాకూ చోటిచ్చి కూర్చోబెట్టారు. అంతలో వాన అందుకుంది. పొయ్యిలు ఆరిపోతున్నాయని ఇద్దరు ముగ్గురు కలిసి మండుతున్న కట్టెలను షామియానా కిందికి లాగడం మొదలుపెట్టారు. లోపల పిల్లల తల్లులు, ముసలివాళ్లు కిక్కిరిసి ఉన్నారు. గాలికి ఒక మంట గుడ్డ అంచు దాకా లేచింది. ఆపా లేచి నిలబడింది కానీ నోట మాట రాలేదు. నేను ఆమె వైపు చూశాను, ఆమె మాట్లాడుతుందని ఎదురుచూశాను. మాట్లాడేది ఆమె, రాసేది నేను. అదే కదా మా ఒప్పందం.

"షామియానా కింద నిప్పు పెట్టొద్దు. బయటికి తీయుండ్రి" అని ఎవరో గట్టిగా అన్నారు. అన్నది నేనేనని అందరూ నా వైపు తిరిగాక తెలిసింది.

"ఎవలీ పిల్ల?" అన్నాడొకడు.

ఆపాకు అప్పుడు గొంతు వచ్చింది. "మా దుకాణం పిల్ల. షామియానా నాది. ఆమె చెప్పినట్టు చెయ్యుండ్రి" అంది. కట్టెలు బయటికి పోయాయి. ఆపా మా పెట్టెను దింపించి, రోడ్డు పక్కన తెరిచిన జీపు తలుపు చాటున పెట్టి, ఆ కట్టెల నిప్పులనే అందులోకి ఎత్తింది. గాలి విసిరినప్పుడల్లా మూత దించడం, తగ్గగానే లేపడం. ఎవరో పక్క చేనులోంచి కంకులు తెచ్చారు. వాన వెలిసేదాకా పిల్లలకు ఒక్కొక్కటే కాల్చి ఇస్తూ కూర్చుంది. చెయ్యి వణకడం ఆగలేదు. కాల్చడమూ ఆగలేదు.

పొద్దు వాలుతుండగా దారి వదిలారు. నిప్పు ఆర్పి, మూత చల్లారేదాకా ఆగి, పెట్టెను రెండు మంచాల మధ్య పెట్టుకుని కదిలాం. వెల్గటూరు చేరేలోపు ఆపా పదే పదే జీపు ఆపి, దిగి వెళ్లి మూత మీద అరచెయ్యి పెట్టి చూసి వచ్చింది. గోదావరి ఒడ్డుకు చేరేసరికి నీళ్ల మీద ఇంకా కొంచెం వెలుగుంది. అడిగి దాచుకున్న రెండు కంకులు కాల్చింది. తనది నెమ్మదిగా, ఒక్క గింజ వదలకుండా తింది. తిన్నాక బెండును పక్కన పెట్టి, "యూసుఫ్ జెర ఎక్కువ చెప్పిండు. గంత రుచేం లేదు" అంది. కళ్లు తుడుచుకుని నవ్వింది. ఆ రాత్రి ఆ గుడ్డ కప్పు కింద, చల్లారిన సిగిడి పక్కన ఆమె నిద్రపోయింది. గురక వినబడేదాకా నేను మేలుకునే ఉన్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు నేను మళ్లీ ఒక ఇంటర్వ్యూకు వెళ్లాను, మాట్లాడాను, ఈ ఉద్యోగం వచ్చింది. నలుగురి ముందు మాట్లాడాలంటే ఇప్పటికీ నా చేతులు వణుకుతాయి. అవి ఆగాలని ఎదురుచూడడం మాత్రం మానేశాను. ఆపా పోయి రెండు వానాకాలాలు దాటాయి.

నిన్న చీకటి పడుతుండగా కంకులామె సామాను సర్దుకుంది. బొగ్గుల మీద ఒక రేకు మూత బోర్లించి, టార్పాలిన్ విప్పి మడవసాగింది. నేను రోడ్డు దాటి వెళ్లి ఆ మూత మీద అరచెయ్యి పెట్టబోయాను.

"కాలుతది మేడమ్" అంది ఆమె.

నిజమే, చెయ్యి దగ్గరికి పోగానే సెగ తగిలింది. టార్పాలిన్ దాని పక్కన ఇప్పుడే పెట్టొద్దని చెప్పాను. ఆమె వింతగా చూసి, మడత చంకలో పెట్టుకుని నిలబడింది. ఇంకో బస్సు వచ్చింది. దాన్ని కూడా పోనిచ్చి, మూత చల్లారేదాకా నేనూ ఆమె పక్కన నిలబడ్డాను.