నస్రీన్ సూది, నా డబ్బా సరంజామా

మా చిన్నప్పుడు హైదరాబాదు పాతబస్తీలోని జహనుమాలో నేను కళ్ళల్లో నిప్పులు పోసుకున్నది ఒకే ఒక్క మనిషి మీద... పక్కింటి నస్రీన్ మీద. కారణం వింటే నవ్వుతారు... ఒక సూది!

వాళ్ళింటి ముందుగది నిండా కార్చోబ్ ఉండేది. పెళ్ళిబట్టల మీద జరీపని చేయడానికి గుడ్డను బిగించి కట్టే పెద్ద చెక్క చట్రం అది. దాని చుట్టూ నస్రీన్ వాళ్ళమ్మా, మరో ఇద్దరు ఆడవాళ్ళూ నేలమీద కూర్చుని చమ్కీలు కుట్టేవాళ్ళు. వాళ్ళమ్మను నేను ఖాలా అని పిలిచేదాన్ని.

పదేళ్ళకే నస్రీన్‌కు ఆ చట్రం దగ్గర చోటు దొరికింది. చెక్కపిడి ఉన్న కొక్కెం సూది కూడా సొంతానికి వచ్చింది... పిడికి ఎర్రదారం చుట్టుకుంది మహాతల్లి! ఆ ఇంట్లో ఒకరి సూది ఇంకొకరు ముట్టరు. పిడి చేతికి అలవాటు పడాలట.

నేనేమో గడప దగ్గర కూర్చుని కిందపడ్డ చమ్కీలు ఏరడం... ఎంత కడుపుమంటో!

దారాలు, గుండీలు అమ్మే దుకాణం మా బాపుది. వారం రోజులు ఆయన ప్రాణం తోడేశాను. రీళ్ళు, కత్తెర, పూసలు, గుడ్డముక్కలు... పాత బిస్కెట్ డబ్బా నిండిపోయింది. కొక్కెం సూది మాత్రం మా దుకాణంలో లేదు.

"ఏంది బిడ్డా గింత సరంజామా? నాకు పోటీగ దుకాణం పెడ్తవా ఏంది?" అన్నాడు బాపు.

ఆ డబ్బా ఖాలా ముందు పెట్టి, "నాకు గూడ సరంజామా మస్తుగుంది ఖాలా... నన్ను గూడ కూసోనియ్యి" అన్నాను.

ఖాలా మాటల్లో సగం తెలుగు, సగం ఉర్దూ. "సర్ అంటే తల, అంజామ్ అంటే ఆఖర్ బేటా. పనిని తలకెల్లి ఆఖర్ దాంక తీస్కపోతేనే అది సరంజామ్. డబ్బా నింపితే గాదు" అంది.

నస్రీన్ కిసుక్కున నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మధ్యాహ్నం నమాజుకు అందరూ లేచారు... ఎర్రదారం సూది నా డబ్బాలోకి వచ్చేసింది.

మర్నాడు వెళ్ళేసరికి ఆ ఇంట్లో ఒకటే లొల్లి. పెళ్ళి దుపట్టా ఒకటి సాయంత్రానికల్లా ఇచ్చెయ్యాలి. నస్రీన్ సూది లేదు! అది ఏడ్చి ఏడ్చి, కళ్ళు వాచి, రోజూ నేను కూర్చునే గడప దగ్గర చేరి చమ్కీలు ఏరుతోంది.

"దాని జాగ ఖాళీగనే ఉంది. రా బేటా, కొసకున్న గుడ్డమీద నేర్చుకుందువు... నీ డబ్బా తెరువు" అంది ఖాలా.

నేను కోరుకున్న చోటు అది! కూర్చున్నాను... కానీ మూత ఎలా తీస్తాను? ఎర్రదారం కనపడితే చాలు, గదిలో అందరికీ తెలిసిపోతుంది. మూత బిగుసుకుపోయినట్టు ఊరికే లాగుతూ కూర్చున్నాను.

మూత రావడం లేదనుకుని నస్రీన్ లేచి వచ్చింది. కొంచెం ఎత్తింది... చూసింది. నా మొహం చూసింది. సూదిని పిడికిట్లోకి తీసుకుని మూత మూసేసింది.

"దీన్ల సూది లేదు అమ్మీ" అంది. కాసేపు చాప కింద వెతికినట్టు వెతికి, "నాది మిల్ గయీ!" అని అరిచింది.

నేను లేచి మళ్ళీ గడప దగ్గరికి పోయాను. సాయంత్రానికి దుపట్టా పూర్తయింది.

ఇంటికొచ్చి వెక్కి వెక్కి ఏడ్చాను. సిగ్గుతో అనుకునేరు... కుళ్ళుతో! సూదీ దానిదే, చోటూ దానిదే... ఆఖరికి మంచితనం కూడా దానికేనా?

పెద్దయ్యాక నిఘంటువు తీసి చూశాను. సరంజామా ఫారసీ నుంచి వచ్చిన మాటట. పని నెరవేర్చడం, దానికి ఏర్పాటు చేసుకోవడం, అందుకు కావలసిన వస్తువులు... అన్నీ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. ఖాలా ఏ పుస్తకం చూసి చెప్పిందో మరి!

మొన్న ఫోన్‌లో ఆర్డర్ పెట్టిన కుట్టుపని పెట్టె వచ్చింది. ఇది నాలుగోది... మిగతా మూడింటి పక్కన అటకెక్కింది.

ఆ మర్నాడే బహదూర్‌పురాలో నస్రీన్ ఇంటికి వెళ్ళాను. గంటలో కుట్టిపడేసే మిషన్లు వచ్చాక చేతిపని అడిగేవాళ్ళు తగ్గారట. అయినా కార్చోబ్ ముందే కూర్చుని ఉంది. సూది మారింది... పిడి మాత్రం అదే. చూడగానే లోపల మళ్ళీ చురుక్కుమంది, అబద్ధమెందుకు!

"గప్పుడు ఖాలాకు ఎందుకు చెప్పలేవే?" అని అడిగాను, ఇన్నేళ్ళకు.

"చెప్తే అమ్మీ నిన్ను మల్ల ఇంట్లకు రానియ్యకపోతుండె. నాతోని ఆడనీకి ఇంకెవరుండిరే?" అంది, కుట్టు మీంచి తల ఎత్తకుండానే.

నేను దాని సూదినే చూస్తూ కూర్చున్నాను అన్నేళ్ళూ... అది నన్ను చూస్తోందని తెలియనేలేదు.

ఇప్పుడు వేలితో నొక్కితే సరంజామా అంతా గుమ్మంలోకి వస్తోంది... మన తప్పును పిడికిట్లో దాచేసి పక్కన ఉంచుకునే నస్రీన్‌లే ఏ పెట్టెలోనూ రావడం లేదు.

మరి మీరు...? చిన్నప్పుడు ఎవరి దగ్గర ఏం చూసి కుళ్ళుకున్నారు? దాచకుండా చెప్పండి... నేను చెప్పేశాను కదా!