నేను నొక్కాల్సిన బటన్

పని ఎక్కువైతేనే అలసట వస్తుందనుకునేదాన్ని. తగ్గినా వస్తుందని ఈమధ్యే తెలిసింది.

ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలోని మా క్వార్టరే నా ఆఫీసు. మా ఆయనది రైల్వే వర్క్‌షాపు, నాది లాప్‌టాపు. ఆసుపత్రుల్లో మందుల నిల్వలు చూసుకునే సాఫ్ట్‌వేర్ మా కంపెనీది. ఒకప్పుడు కొత్త వెర్షన్ పంపాలంటే ప్రతి పనీ నేనే కూర్చుని చేసేదాన్ని. విసుగొచ్చి, అన్నీ ఆటోమేషన్‌కి అప్పగించాను. ఇప్పుడు ప్రోగ్రాం తయారుచేసేదీ, పరీక్షించేదీ, దొంగలు దూరే సందులున్నాయేమో వెతికేదీ, ఆసుపత్రులకు పంపేదీ అదే. పంపేముందు మాత్రం ఒక మనిషి రిపోర్టు చదివి బటన్ నొక్కాలి. ఆ మనిషిని నేను. రిపోర్టు రాగానే ఫోను మోగుతుంది, బటనూ అందులోనే. మోగితే ఇక వేళాపాళా లేదు, తిండీ నిద్రా లేదు.

ఆ బటన్ కూడా తీసేద్దామా అని మేనేజర్ అడిగాడు. తీసేస్తే నాకిక ఉద్యోగం ఏముంది? మనిషి చదవకపోతే కొంపలు మునుగుతాయని వాదించాను. ఆ మాటే సోమవారం మీటింగులో చెప్పమన్నాడు.

ఆదివారం మాత పూజ, మా కాలనీలో అమ్మవారి జాతర. అత్తగారి మొక్కు తీర్చడానికి పసుపునీళ్ళ ఘటం నెత్తిన పెట్టుకుని వీధులన్నీ తిరిగాను. ఫోను మా ఆయన జేబులో ఉంది. ఘటం దించగానే, ఏమైనా మోగిందా అని అడిగాను.

"మోగింది. నొక్కినాను."

ఫోను లాక్కున్నాను. "ఏటి సేసినారు? సదివినారా?"

"నానేటి సదవతాను? పచ్చగా ఉన్నదాని మీద నొక్కినాను. నువ్వూ అంతే కదా, కూర కలుపుతా సూడకుండానే నొక్కీస్తావు. ఆ కంపెనీకే లేదు బెంగ. కందకి లేని దురద కత్తిపీటకెందుకే?"

నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన నవ్వేసి, వీధి చివర బెంగాలీ దాదా కొట్లో టీ తాగొస్తానని వెళ్ళిపోయారు. ఆయనన్నది అబద్ధమైతే ఇంత కోపం వచ్చేది కాదు.

తడిచీరతోనే గుమ్మంలో కూలబడి, చాలా రోజుల తర్వాత రిపోర్టు మొదటి నుంచి చివరిదాకా చదివాను. అంతా సవ్యంగానే ఉంది. ఆసుపత్రుల నుంచి ఒక్క ఫిర్యాదూ లేదు. రేపు మీటింగులో ఏం చూపించను? మళ్ళీ చదివాను. ఎక్కడో ఒకచోట, ఏ ఆసుపత్రిలోనో, ఒక్క చిన్న తప్పు జరిగి ఉండేలా చూడు తల్లీ అని మొక్కుకుంటూ చదివాను.