ఆఖరి స్టాపు చెప్పని బస్సు

మా వీధి చివరింటి కింది వాటాలో ఉండే ఆవిడని అందరూ కండక్టరక్క అంటారు. పెళ్లికి ముందు నుంచీ సిటీ బస్సులో టికెట్లు కొట్టిన మనిషి. డ్రైవరు పక్కనే టికెట్ మెషీన్ పెట్టేశాక కండక్టర్ల అవసరం తీరిపోయింది. ఇంట్లో కూర్చుంటే ఆమెకి కాలూ చెయ్యీ ఆడలేదు. "ఒక్కళ్లూ తోసుకోరు, ఒక్కళ్లూ కాలు తొక్కరు, ఇదేం బతుకయ్యా?" అనేదట భర్తతో.

ఆయన డిపోలో మెకానిక్కు. మాట పొదుపు. ఒక ఆదివారం ముందుగదిలో సామానంతా వెనక్కి చేర్చి, పాత బస్సులోంచి ఊడదీసిన కడ్డీ ఒకటి తెచ్చి, గోడ పొడవునా చంటిపిల్లల చేతికందే ఎత్తులో బిగించాడు. "పట్టుకుని నడుస్తారు" అన్నాడు. అలా మొదలైంది పగలు పిల్లల్ని చూసుకునే ఆమె డేకేరు.

నేను నీళ్లు పరీక్షించే ల్యాబులో పని చేస్తాను. మాట కన్నా కొలత మీద నాకు గురి. మా పాపని అక్కడ చేర్చే ముందు వెళ్లి కిటికీ ఊచల మధ్య టేపు పెట్టి చూశాను. ప్లగ్గులకు మూతలున్నాయా, బీరువా గోడకు బిగించి ఉందా అని కదిపి చూశాను. తాగే నీళ్లు ఒక సీసాలో పట్టుకున్నాను కూడా. అంతసేపూ ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తూ నిలబడింది.

"ఏం తమ్ముడూ, చెకింగ్ ఇన్‌స్పెక్టరువా? నా టికెట్ కూడా చూపించమంటావా?"

నవ్వాను గానీ సీసా మాత్రం జేబులో పెట్టుకున్నాను. అంతకు ముందు చేర్చిన చోట పాప గొంతు బొంగురుపోయేదాకా ఏడ్చేది. ఇక్కడా కుదరకపోతే నేనో మా ఆవిడో ఉద్యోగం మానుకోవాలి.

కుదిరింది. ఎలా కుదిరిందో నాకు లెక్క అందలేదు. ఆ గది నడిచేది బస్సు పద్ధతిలోనే. గుమ్మం దగ్గర తాడు లాగితే మోగే గంట ఉంది. ఒకసారి మోగితే ఆగాలి, రెండుసార్లు మోగితే కదలాలి. ఉచ్చ వచ్చినవాళ్లు ఒకసారి లాగాలని నియమం. చాలామందికి తాడు అందేలోపే పని అయిపోయేది. "ఎక్కకుండానే దిగిపోయావట్రా నాయనా!" అంటూ ఆమె గుడ్డ తెచ్చి తుడిచేది. అన్నాలయ్యాక చాపలు రెండు వరసలుగా పరిచేది, మధ్యలో తను నడవడానికి దారి వదిలి. ఆ దారిలో అటూ ఇటూ నడుస్తూ, చిన్న గొంతుతో తన పాత రూటు చదివేది.

"మిల్లు గేటు... మిల్లు గేటు. పాత వంతెన. కూరగాయల బజారు, బుట్టలు జాగ్రత్త. పెద్దాసుపత్రి... నీళ్ల ట్యాంకు..."

నీళ్ల ట్యాంకు దాటేసరికి అందరి కళ్లూ మూతలు పడేవి.

కానీ పాప చేరిన మూడో రోజే పొరపాటు జరిగింది. పిల్లలంతా నిద్రలో ఉన్నారు. ఆమె రూటు చివరిదాకా వచ్చేసింది. ఏళ్ల అలవాటు ఊరుకోలేదు. బస్సంతా వినపడే గొంతుతో, "ఆఖరి స్టాపు! అందరూ దిగాలి!" అని కేకేసింది. పిల్లలు ఉలిక్కిపడి లేచి ఏకకంఠంగా ఏడుపు అందుకున్నారు. ఒకడైతే నిద్రమత్తులోనే చెప్పులు వెతుక్కున్నాడట.

పై వాటాలో ఇంటి ఓనరు ఉంటాడు. భార్య పోయిన పెద్దాయన. ఆ ఏడుపుకి మెట్లు దిగి వచ్చాడు.

"ఏవమ్మాయ్, ఇది ఇల్లా, బస్టాండా?"

"పొరపాటైంది బాబాయిగారూ. ఇంకోసారి జరగదు."

"రాత్రి ఎలాగూ నిద్ర లేదు నాకు. మధ్యాహ్నం కాసేపు కన్నంటుకునేది. అదీ పాడు చేశావు. ఈ నెలాఖరుదాకా చూస్తాను. నచ్చకపోతే గంటా, చాపా అన్నీ సర్దెయ్యాలి. తర్వాత బతిమాలుకోవద్దు."

ఆ రోజు నుంచి ఆమె బస్సుకి ఆఖరి స్టాపు లేదు. నీళ్ల ట్యాంకు తర్వాత బండి వెనక్కి తిప్పి మళ్లీ మిల్లు గేటుకి తెచ్చేది. లేపే వేళకి మాత్రం ఒక్కొక్కరి పక్కనే కూర్చుని చెవిలో, "ఆఖరి స్టాపు అమ్మా, దిగుతావా?" అనేది. గంట నాలుకకి గుడ్డ చుట్టింది. ఇంతలో ఆమెకి పిల్లలు ఎంత అలవాటయ్యారో, పిల్లలకి ఆమె అంతకంత అలవాటైపోయింది. "ఈ గది ఖాళీ అయితే నాకు పిచ్చెక్కుద్ది తమ్ముడూ" అంది ఒక సాయంత్రం, పాప జడ వేస్తూ. ఎప్పుడూ వేళాకోళమాడే మనిషి ఆ మాట తలెత్తకుండా అంది.

నెలాఖరు రోజు ల్యాబులో ఒకే నమూనాని రెండుసార్లు పరీక్షించి, సెలవు చెప్పి ముందే బయల్దేరాను. వెళ్లేసరికి గుమ్మంలో చిన్న చిన్న చెప్పుల మధ్య పెద్దాయన తోలు చెప్పులు.

లోపల చప్పుడు లేదు. కండక్టరక్క వేలు పెదవుల మీద పెట్టి కళ్లతోనే చూపించింది. చాపల మీద పిల్లలు. కిటికీ పక్క కుర్చీలో, తల ఓ వైపు వాల్చి, నోరు కాస్త తెరిచి, పెద్దాయన.

"తేల్చి చెప్పేస్తానని వచ్చారు" అని గుసగుసలాడింది. "పిల్లల్ని పడుకోబెట్టేసి మాట్లాడదాం, కూర్చోండి అన్నాను. నీళ్ల ట్యాంకు దాకా కూడా రాలేదు తమ్ముడూ. కూరగాయల బజారు దగ్గరే పడిపోయారు."

"మరి లేపవా అక్కా?"

"లేపాలంటే భయంగా ఉంది. లేస్తే ఏమంటారో!"

ఆమె పిల్లల్నే ముందు లేపింది, ఒక్కొక్కరి చెవిలో చెప్పి. పెద్దాయన దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయింది. పెద్దవాడి చెవిలో ఎలా చెప్తుంది? పమిట కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. ఈలోపు మా పాప కళ్లు నులుముకుంటూ వెళ్లి ఆయన మోకాలు పట్టుకుంది. "తాతా, స్టాపు వచ్చింది. దిగు."

ఆయన కళ్లు తెరిచి చుట్టూ చూశాడు. ఒళ్లో జారిన కళ్లద్దాలు తడుముకున్నాడు.

"ఎందాకా వచ్చాం?"

"ఆఖరి స్టాపు బాబాయిగారూ" అంది కండక్టరక్క. అదీ చిన్న గొంతుతోనే.

ఆయన మెల్లగా లేచి, పిల్లలతో పాటే గోడ కడ్డీ పట్టుకుని గుమ్మం దాకా నడిచాడు. అది తన మోకాలికి కాస్త పైన ఉంది కాబట్టి వంగి నడవాల్సి వచ్చింది. చెప్పుల్లో కాళ్లు పెట్టి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"రేపు ఆ కిటికీ పక్క సీటు ఎవరికీ ఇవ్వకమ్మాయ్."

కండక్టరక్క పమిట కొంగు కళ్లకి అద్దుకుంది. ఆ తర్వాతే ఆమె అసలు గొంతు బయటికి వచ్చింది.

"అలాగే బాబాయిగారూ. చిల్లర మాత్రం సరిగ్గా తెచ్చుకోవాలి!"

మా పాప తాడు అందుకుని రెండుసార్లు లాగింది.